రెండు చిల్లులు

తమ్ముడూ,

ఈ మాట ఫోనులో చెప్పాలని రెండుసార్లు ప్రయత్నించాను. నీ అర్జీ మా నాయకుడిగారి చేతికి వెళ్ళిందని నువ్వు మురిసిపోతుంటే నోరు రాలేదు. అందుకే రాసి, ఈ రాత్రే మనిషి చేత పంపుతున్నాను.

ఆయన గదిలో అర్జీలను వచ్చిన వరసలో తీగకు గుచ్చేది నేనే. మంత్రి చెప్పినా ఆయన ఆ వరస తప్పరు. నీ బదిలీ అర్జీ వచ్చేసరికి తీగకు నలభై ఉన్నాయి. సోమవారం పొద్దున గదిలో ఎవరూ లేనప్పుడు అన్నీ ఊడదీసి, నీది ముందు గుచ్చి, వాటిని దాని వెనక మళ్ళీ గుచ్చాను.

ఆయన నీది చదివి, ఇంకా సంతకం పెట్టకుండా పక్కన ఉంచారు. తర్వాతి కాగితం చూసి, "దీనికి రెండు చిల్లులేంటి?" అన్నారు. అన్నీ తిప్పి చూశారు. నీదానికి మాత్రం ఒక్కటే. నా వైపు చూడలేదు. నేరుగా వరండాలోకి వెళ్ళి, అందరికంటే ముందు పిలవాల్సిన ముసలావిడతో, "అమ్మా, మీ వంతు తప్పింది. తప్పు నాది, క్షమించండి," అన్నారు.

"క్షమాపణలు తర్వాత నాయనా, ముందు సంతకం పెట్టు," అందావిడ. అందరూ నవ్వారు. నేను తలెత్తలేకపోయాను.

నాయకుడంటే ఆయనలా ఉండాలని నీ పిల్లలకు చెప్పినదాన్ని నేను. ఆ రోజు నుంచి ప్రార్థనలో చేతులు జోడించాలన్నా సిగ్గేస్తోంది.

నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా రేపు ఆయన ఎదుటే నీ అర్జీని తీగకు అన్నిటికంటే వెనక గుచ్చుతాను. దానికీ రెండో చిల్లు పడుతుంది.

ఈ ఉత్తరం దాచు, ఎవరికీ చూపించకు. ఆయన ఈ సంగతి నా నోటి నుంచే వినాలి.

అక్క