ఎనిమిది మంది బ్యాచ్

ఉదయగిరి,
బుధవారం మధ్యాహ్నం

అమ్మా నవ్యా,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను, మీ అమ్మ, అవ్వ ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయాలి. కానీ ఆదివారం నిన్ను చూసి వచ్చాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కదా, అందుకని సెల్లో టైపు చేసి, పక్క జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, ఆత్మకూరు బస్సు కండక్టర్ డేవిడ్‌రాజు అన్న చేతికి ఇస్తున్నాను. ఎండకి గిరాకీ లేదు, గబగబా కొడుతున్నా. తప్పులుంటే సర్దుకో.

ఆదివారం మా సంచిలో వేసి పంపిన చీటీలో నువ్వు అడిగినవి ముందు చెప్పేస్తా. అవ్వ మోకాలు తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే మీ అమ్మ పని చెబుతుందని కుంటుతూనే ఉంది. నీ సైకిల్ ఎవరికీ ఇవ్వలేదు. ఊరగాయ డబ్బా కూడా అన్న చేతికే ఇస్తున్నా, నిలువుగా పట్టుకో. మన అంగట్లో అమ్మే డబ్బానే, మూత మీద నాకే నమ్మకం లేదు.

ఇక చివర్లో చిన్న అక్షరాలతో అడిగావు, "మ్యాథ్స్ మానేసి బైపీసీ ఒక్కటే చదివితే నీకు కోపమా నాన్నా?" అని. దానికి నేరుగా జవాబు చెప్పడానికి నాకు ఇంత ఉత్తరం పడుతోంది.

ఆదివారం మీ అమ్మ ముద్ద కలిపి నీ చేతిలో పెడితే, ముద్ద పట్టుకునే నిద్రపోయావు. తిరుగు బస్సులో మీ అమ్మ నా మీద పడింది. "మిగతా పిల్లోళ్లు ఒక గ్రూపు చదవతా ఉండారు, మన బిడ్డ రెండు మోస్తా ఉండాది. ఆ లెక్కలు ఎవరికోసరమయ్యా? దానికోసరమా, నీకోసరమా?"

టెన్త్ అయ్యాక నువ్వు బైపీసీ అనే అన్నావు. మ్యాథ్స్, బయాలజీ రెండూ ఉండే గ్రూపు అని పట్టుబట్టింది నేను. రెండు వీధుల్లోకీ షట్టరున్న అంగడిలాగా ఎటునుంచైనా వ్యాపారం జరుగుతుందని నా ఆలోచన. ఎనిమిది మంది ఉంటేనే ఆ బ్యాచ్ నడుపుతామన్నారు మీ కాలేజీ వాళ్లు. నీతో కలిపి ముగ్గురే తేలారు. ఒక్క అంగడికి లారీ నిండా సరుకు అక్కర్లేదు కాబట్టి నలుగురం కలిసి లోడు నింపుకుంటాం చూడు, ఆ బుద్ధే ఇక్కడా పనిచేసింది. బండేసుకుని కలిగిరి, కలువాయి, సీతారామపురం తిరిగాను. తెలిసినవాళ్ల ఇళ్లల్లో టీ తాగి, "మా నవ్యనే చేరస్తా ఉండా, ఇంకేం భయం?" అన్నాను. సరిగ్గా ఎనిమిది మంది అయ్యారు.

నీ పక్క మంచం అశ్విత అలా వచ్చిన పిల్లే. ఆ పిల్లకు నిజంగా రెండూ కావాలి. నెల్లూరులో అదే గ్రూపులో సీటు వస్తే, వాళ్లమ్మ ప్రమీలమ్మతో మాట్లాడి మాన్పించింది నేనే. ఇప్పుడు నువ్వు తప్పుకుంటే బ్యాచ్ తీసేస్తారు. అశ్విత కూడా ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. నెల్లూరు సీటు ఎప్పుడో వేరేవాళ్లకు పోయింది.

అసలు మాట ఇప్పుడు చెబుతా. గ్రూపు మార్చుకునే గడువు అయిపోయిందని, ఆఫీసులో అడిగానని ఆదివారం నీతో అన్నాను. అడిగింది నిజం, గడువు అయిపోయిందన్నది అబద్ధం తల్లీ. ఈ శనివారం దాకా ఉంది. నువ్వు "సరేలే నాన్నా, చదువుతా" అని లేచి వెళ్లిపోయావు. ఏడ్చి గొడవ చేసినా బాగుండేది.

నిన్న అంగడి మూసి సీతారామపురం పోయాను. ప్రమీలమ్మ మిరప తోటలో ఉంది.

"ఏంది శెట్టీ, ఈ ఎండలో వచ్చినావు? పెండ్లి పిలుపా?" అని నవ్వింది.

అంతా చెప్పాను. నవ్వు పోయింది.

"నీ బిడ్డ అలిసిపోయినాదంటే మాన్పించు. దాన్ని నేనేమీ అనను. నా బిడ్డకి మాత్రం నేను చెప్పను. నెల్లూరు వద్దన్న నోరు నీది. నువ్వే పోయి చెప్పు."

"తిడతాదేమోనమ్మా."

"తిట్టనీ. పడు."

ఎప్పుడు పోయినా మజ్జిగ ఇచ్చే మనిషి, నీళ్లు తాగమని కూడా అనలేదు.

ఈ పొద్దున మళ్లీ పాత బుద్ధి లేచింది. నీ బదులు ఇంకో పిల్లను చేర్పిస్తే బ్యాచ్ నిలుస్తుంది కదా అని కలిగిరిలో నాకు తెలిసిన కామయ్యకు ఫోన్ చేశాను. "మీ పాప ఏం చదవతా ఉండాది?" అని అడిగాక, ఇంకొకరి బిడ్డను లోడులో వేస్తున్నానని తట్టింది. ఊరికే అడిగానని పెట్టేశాను. మీ బ్యాచ్‌లో మిగతా పిల్లల ఇళ్లకు రేపు, ఎల్లుండి పోతాను. ఎవరేమంటారో తెలియదు. భయంగానే ఉంది.

కోపం లేదమ్మా. శనివారం మొదటి బస్సుకు వచ్చి గ్రూపు మార్చే కాగితం మీద సంతకం పెడతాను. అశ్వితకు మాత్రం నువ్వు చెప్పొద్దు. పక్క మంచమే కాబట్టి నోరు జారబోతుంది, ఆపుకో. గేటు దగ్గర ముందు ఆ పిల్లను పిలిపించి నేనే చెబుతాను. ఆ తర్వాత నీతో మాట్లాడటం మానేస్తుందేమో, దానికి నా దగ్గర మందు లేదు. ఎవరిది తప్పని అడిగితే మా నాన్నదని చెప్పు.

ఇట్లు,
నీ నాన్న
కోటిలింగం