చెప్పులు రెండూ ఎందుకు పంపారు?

నాగులపాలెం,
11-3-1984.

శ్రీవారికి మీ కోటేశ్వరమ్మ నమస్కరించి రాయునది.

ఇక్కడ అత్తయ్య, బాల, నేను, గొడ్డూ గోదా అందరం బాగానే ఉన్నాం. మీరు అక్కడ బాగానే ఉన్నారని మీరే రాశారు గనుక అలాగే అనుకోవాలి కాబోలు.

మీ ఉత్తరం సోమవారం అందింది. మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పి, తరవాత నేను అడగాల్సినవి అడుగుతాను. మిరప రెండో కోత అయింది. కాయ కల్లంలో ఎండుతోంది. కూలీలతో తెల్లబారిన తాలుకాయ ఏరిస్తున్నాను. ఆ ఘాటుకి దగ్గుతూనే అత్తయ్య కల్లం చివర కూర్చుంటోంది. కళ్లు కనపడవంటూనే నేను ఏరినదాంట్లో కూడా తాలు పట్టుకుంటోంది. పత్తి తీత అయిపోయింది, కట్టె పీకించాలి. గేదె ఈనింది, పెయ్యదూడ. మన బాల ఏడో తరగతి పరీక్షలకు చదువుతోంది. అంటే పుస్తకం ఒళ్లో పెట్టుకుని దూడతో ఆడుతోంది.

మీరు ఇన్ని అడిగారు, బాగుంది. నేను పోయిన ఉత్తరంలో ఒక్కటే అడిగాను, కాలు ఎలా ఉందని. దానికి జవాబు కోసం మీ ఉత్తరం తిరగేసి మరగేసి చదివాను. "వైద్యం సవ్యంగా జరుగుతోంది" అని ఉంది. పంచాయతీ ప్రెసిడెంటుని రోడ్డు సంగతి అడిగితే చెప్పే జవాబులా ఉంది అది.

నన్ను అనుమానప్పక్షి అని పెళ్లయిన కొత్తలోనే అన్నారు మీరు. కాదనను. కానీ ఈ కాలిజబ్బు మొదలైన దగ్గర్నుంచీ నా అనుమానాల్లో ఏది తప్పిందో చెప్పండి. పోయినేడు చేనికి వెళ్తూ గట్టు మీద కొంతదూరం నడిచేసరికి మీకు పిక్క పట్టేసేది. కూర్చుంటే తగ్గేది, నడిస్తే మళ్లీ మొదలు. మీరు వాతం అన్నారు. మన ఊరి సూదిమందు బుల్లయ్య "రక్తం పలచబడే ఇంజెక్షను" అంటూ ఎర్రమందు పొడిచాడు. ఆ సీసాలోదే అత్తయ్య నీరసానికీ పొడిచాడు, నా కళ్లారా చూశాను. తరవాత మీరు కనిగిరి పసరువైద్యుడి దగ్గరికి పోయి కాలికి కట్టు కట్టించుకొచ్చారు. అమావాస్య దాకా విప్పొద్దన్నాడట. ఆయన చుట్ట నోట్లో పెట్టుకునే కట్టు కట్టాడని మీరే మురిసిపోతూ చెప్పారు. నాకు మనసొప్పక, మీరు వద్దని అరుస్తున్నా విప్పేశాను. లోపల బొటనవేలు నేరేడుపండు రంగులో ఉంది. ఆ తరవాత కదా మనం గుంటూరు బయలుదేరింది!

బ్రాడీపేటలో డాక్టరు సంజీవరావుగారు మీ పాదం మీద వేళ్లు పెట్టి చాలాసేపు వెతికారు. "ఇక్కడ నాడి అందడం లేదు" అన్నారు. పొగాకు తాగేవాళ్లకు కాళ్లలో రక్తనాళాలు మూసుకుపోతాయనీ, చుట్ట పూర్తిగా మానేయడం మొదటి వైద్యమనీ, అది చేయకపోతే మిగతావి ఎన్ని చేసినా వృథా అనీ చెప్పారు. రెండోది నడుము దగ్గర ఒక నరం కోసే ఆపరేషను, దాంతో పాదానికి కాస్త రక్తం అందవచ్చన్నారు. "మూడోది?" అని నేనడిగితే, "అది ఇప్పుడే ఎందుకమ్మా" అని కాగితాలు సర్దుకున్నారు. మీరు మాత్రం నా ముఖం చూడకుండా, "కోతలయ్యేదాకా నువ్వు రావద్దు, గురునాథం ఉంటాడు" అని చెప్పి నన్ను బస్సెక్కించేశారు.

పోయిన వారం మీ తమ్ముడు గురునాథం మీ మాసిన బట్టల మూట తెచ్చాడు. విప్పితే అందులో మీ చెప్పులు, రెండూ. "ఇక్కడ నేల నున్నగా ఉంది, చెప్పుల అవసరం లేదు" అని మీరు ఉత్తరంలో రాశారు. ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవొద్దని, చిన్న దెబ్బ తగిలినా మానదని ఆ డాక్టరే కదా చెప్పింది! ఆయన ఆసుపత్రిలోనే ఆయన మాట చెల్లదా?

తువ్వాలు వాసన చూశాను. పొగ వాసన. గురునాథాన్ని పిలిచి నిలబెట్టాను.

"అన్నయ్యకి చుట్టలు నువ్వే అందిస్తున్నావా?"

"అయ్యో, అమ్మతోడు వదినా! బస్సులో నేను తాగా. మూట నా ఒళ్లోనే ఉంది."

"పోనీ ఒకటి చెప్పు. మీ అన్నయ్య లేచి నిలబడుతున్నారా?"

"ఆఁ, భేషుగ్గా! రెండు కాళ్ల మీదా నిలబడతన్నాడు" అన్నాడు.

రెండు కాళ్ల సంగతి నేను అడగలేదు. అన్నం పెడితే కలిపి కలిపి వదిలేసి లేచిపోయాడు. గారెలు చేసినా, గంజి పోసినా కంచం ఊడ్చే మనిషి!

వీటన్నిటి మీదా మీ ఉత్తరం చివర ఆ చీమకుర్తి కబురు ఒకటి. అంకమ్మరావుగారు తమ రాళ్ల క్వారీలో లెక్కలు చూసే పని ఇస్తామన్నారనీ, ఆసుపత్రి నుంచి నేరుగా అటే వెళ్లి కొంతకాలం ఉంటాననీ రాశారు. చుట్టాలింటికి పెళ్లికి వెళ్తే రెండో పూటకే చేను గుర్తొచ్చి చెప్పకుండా వచ్చేసే మనిషికి రాళ్ల క్వారీలో గుమాస్తాగిరీ! ఎవరి చెవిలో పెడతారండీ ఈ పువ్వు?

ఇంతసేపూ ఈ ప్రశ్నలన్నీ అడ్డం పెట్టుకుని ఒక మాట దాస్తున్నాను. ఇక చెప్పేస్తాను. బుధవారం నేను గుంటూరు వచ్చాను.

గురునాథానికి చెబితే నాకంటే ముందు కబురు మీకు చేరుతుంది. అందుకని పర్చూరులో మా చెల్లెల్ని చూసొస్తానని అత్తయ్యకి చెప్పి, పర్చూరులో గుంటూరు బస్సెక్కాను. బ్రాడీపేటలో రిక్షా దిగి నర్సింగ్‌హోము వరండాలోకి వెళ్లేసరికి ఆయా ఒకామె బకెట్టుతో ఎదురొచ్చింది. ఎలీసమ్మట.

"ఎవరి కోసమమ్మా?"

"జానకిరామయ్యగారని... కాలు..." అన్నాను.

నాకు తెలుసనుకుంది పాపం. "ఆ కాలు తీసినాయనేనా? చివరి గది. నడక నేర్పాల, బకెట్టు పెట్టి వస్తన్నా" అంది.

అనుమానపడినదే నిజమైతే "నేను ముందే అనుకున్నాను" అనిపించాలి కదా. నాకేమీ అనిపించలేదు. గోడ పట్టుకున్నాను. గోడ చల్లగా ఉందని మాత్రం గుర్తు.

మీ గదికి రాలేదు. నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాను. కోపం ఆగలేదు.

"నరం కోస్తే కాలు దక్కుతుందన్నారు. నరమూ కోశారు, కాలూ కోశారు. ఇదేం వైద్యమండీ?" అన్నాను. బయట కూర్చున్న రోగులంతా విన్నారు.

ఆయన కోప్పడలేదు. కూర్చోమన్నారు. "ఆపరేషను తరవాత పాదం వెచ్చబడిందమ్మా. నేనూ ఆశపడ్డాను. కానీ ఆ నరం కోస్తే పైపైన సన్న నాళాలు విచ్చుకుని చర్మానికి రక్తం అందుతుంది, అంతే. మూసుకుపోయిన పెద్దదారి తెరుచుకోదు. వేళ్ల కుళ్లు పాదంలోకి పాకింది, జ్వరం పట్టుకుంది. ఇంకా ఆగి ఉంటే తొడ దాకా తీయాల్సి వచ్చేది, మనిషి దక్కేవాడో లేదో. మోకాలు మిగిల్చాను. మోకాలుంటే పెట్టుడుకాలుతో నడవచ్చు."

నేను నమ్మలేదు. కాగితాలు చూపించమన్నాను. చూపించారు. నాకేం అర్థమవుతుంది, కింద మీ సంతకం తప్ప!

"నాకెందుకు కబురు చెయ్యలేదు?"

ఆయన అన్నారు: "ఆయనే వద్దన్నారు. 'మా ఆవిడ వస్తే మిమ్మల్ని కత్తి పట్టనివ్వదండీ. మంచికే చేస్తుంది, కానీ ఆపేస్తుంది' అన్నారు."

ఏవండీ, మీరన్నది నిజమే. నేనే గనుక అక్కడ ఉండి ఉంటే ఆ బల్లకి అడ్డంగా పడుకునేదాన్ని. ఇంకో డాక్టరనేదాన్ని, మద్రాసు అనేదాన్ని, ఇదంతా మోసం అనేదాన్ని. ఆ జ్వరంతో మిమ్మల్ని ఊళ్లు తిప్పి చంపుకునేదాన్ని. పసరుకట్టు విప్పినప్పుడు నా అనుమానమే మిమ్మల్ని కాపాడిందని అందరికీ చెప్పుకు తిరిగాను. ఈసారి దానికి భయపడి మీరు ఒక్కరే ఆ బల్ల ఎక్కారు. పక్కన చెయ్యి పట్టుకోడానికి నేను లేకుండా ఎక్కారు. అది తలుచుకుంటే అన్నం సహించడం లేదు. అలాగని నన్నడక్కుండా సంతకం పెట్టినందుకు మిమ్మల్ని క్షమించానని అనుకోకండి. దాని సంగతి వేరే.

రెండో కాలి సంగతి అడిగాను. "అది ఆయన చేతిలో ఉంది. ఒక్క చుట్ట ముట్టుకున్నా నేను హామీ ఇవ్వలేను. ఇక్కడికి వచ్చాక మానేశారు, అది మాత్రం నిజం" అన్నారు. సగం నమ్మాను.

తరవాత మీ గది దాకా వచ్చాను. తలుపుకి ఆకుపచ్చ తెర ఉంది కదా, దాని పక్కన నిలబడ్డాను. మీరు చంకల కింద కర్రలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. చిక్కిపోయారు. ఎలీసమ్మ మీ ముందు ఒక పీట వేసింది. మీరు ఆ పీట వంక చూసి, "ఈ ఎత్తు చాలదమ్మా. బస్సు మెట్టు ఇంతకు రెండింతలుంటది" అన్నారు.

"బస్సెందుకయ్యా, కారు మాట్టాడుకోరాదా?"

"మా ఊరికి కారేడ వస్తదమ్మా, అంతా రేగడి! వానొస్తే బస్సే ఊళ్లోకి రాదు, పెద్దరోడ్డు మీద ఆపుతాడు. ఆణ్నుంచి నడవాల."

అప్పుడు నాకు తెలిసింది, చీమకుర్తి మాట మీ చెయ్యి రాసిందే గానీ మనసు రాయలేదని. నోట్లో కొంగు కుక్కుకున్నాను. మీరు పీట ఎక్కబోయి కర్ర జారి మంచం మీద పడ్డారు. ఎలీసమ్మ పట్టుకోబోతే, "వదిలెయ్, నేనే లేస్తా" అన్నారు. నా చెయ్యి అప్పటికే తెర మీద ఉంది. లోపలికి రావాలనే ఉంది. కానీ నేను కనపడిన మరుక్షణం మీరు మంచమెక్కి, దుప్పటి నడుం దాకా లాక్కుని, మిరప ధర ఎంతుందని అడుగుతారు. మిమ్మల్ని నేనెరగనా? ఆ నడక అక్కడితో ఆగిపోతుంది. అందుకే రాలేదు. మీరు లేచి, మళ్లీ తప్పి, ఆ తరవాత పీట ఎక్కారు. ఎక్కి, ఎలీసమ్మ అటు తిరగ్గానే, ఎవరూ చూడటం లేదనుకుని మీసం దువ్వుకున్నారు. అది చూసి వచ్చేశాను.

బస్సులో కూర్చున్నాక చెప్పుల లెక్క తేలింది. ఎడమది ఒక్కటే పంపితే నాకు తెలిసిపోతుందని రెండూ పంపారు. నన్ను మోసం చెయ్యడానికి, మిగిలిన ఆ ఒక్క పాదాన్ని వట్టినేల మీద పెట్టుకు తిరుగుతున్నారు. ఎంత తెలివండీ!

ఇంటికొచ్చి గురునాథాన్ని అడిగితే పశువులపాక వెనక్కి పోయి ఏడ్చాడు. "అన్న ఒట్టేయించుకున్నాడు వదినా, నేనేం చెయ్యను" అన్నాడు. వాణ్ని ఏమీ అనకండి. అటక మీద మీరు దాచుకున్న పొగాకు కట్టలు వాడి చేతే దించి, పెంటగోతిలో వేయించి మట్టి కప్పించాను. ఎవరికైనా ఇస్తే ఇంకెవరి కాలు మీదికి వస్తుందో! వాడు కూడా మానేశానంటున్నాడు. రోజూ నోరు వాసన చూస్తున్నాను.

అంకమ్మరావుగారికి మీరు రావడం లేదని కబురు పంపాను. శుక్రవారం పొద్దున మొదటి బస్సుకి నేనూ గురునాథమూ వస్తున్నాం. ఎప్పుడు పంపుతారో డాక్టరు గారి నోటితోనే వింటాను. అందాకా అక్కడే మీ దగ్గర ఉంటాను. మిరప సంగతి నేను లేకపోయినా మీ అమ్మ చూసుకోగలదు.

అత్తయ్యకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు నలిగాను. నిన్న కల్లం దగ్గర చెప్పేశాను. తాలు ఏరుతున్న చెయ్యి ఆగింది. "ఏ కాలు?" అంది. ఎడమకాలని చెప్పాను. లేచి, గోడ తడుముకుంటూ ఇంట్లోకి పోయింది. ఏడవడానికి పోయిందనుకుని వెనకే వెళ్లాను. మీ మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇది గోడవారన ఇట్టా ఉంటే వాడు ఎడమపక్కకి దిగాల. ఉన్న కాలు ముందు కింద ఆనాల గందా! ఇటు తిప్పవే" అంది.

ఇద్దరం కలిసి తిప్పాం. ఇప్పుడు తూర్పు కిటికీ సరిగ్గా మీ ముఖానికి ఎదురొచ్చింది. పొద్దున్నే ఎండ కళ్లల్లో కొడుతుంది. దాని మీద మీరు గొడవ పెట్టుకుంటారని నాకు తెలుసు.

వచ్చి పెట్టుకోండి.

ఇట్లు,
మీ ఇల్లాలు
కోటేశ్వరమ్మ