నిమ్మ మొక్కకు కుండీ

జనవరి 6

పెరుగు బకెట్టు అడుగు పగిలింది. నిమ్మ మొక్క వేళ్లు బయటికొచ్చేశాయి. పొద్దున చెల్లి దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి వంటింట్లో నా ముందు పెట్టి నిలబడింది. అసలు నోరు విప్పి నెలలు గడిచాయి.

ఆ మొక్క చెల్లి మొగుడు, మా మరిది వేసింది. నిమ్మరసం పిండుకుంటూ గింజ ఒకటి ఖాళీ పెరుగు బకెట్లో పాతి, ఇది కాయ కాసేదాకా నిన్ను వదిలిపెట్టి ఎక్కడికీ పోనే అని చెల్లిని ఆటపట్టించాడట. జ్వరమని హాస్పిటల్లో చేరినవాడు వారం తిరక్కుండానే పోయాడు. చెల్లిని నా ఫ్లాట్‌కి తెచ్చేసుకున్నాను. ఒక చేత్తో బట్టల సంచీ, ఇంకో చేత్తో ఈ బకెట్టు పట్టుకుని వచ్చింది.

తినమంటే తింటుంది. పడుకోమంటే పడుకుంటుంది. తనంతట తాను చేసే పని ఒక్కటే, పొద్దున్నే లేచి మొక్కకు మగ్గుడు నీళ్లు పోయడం. ఆ మగ్గుడు నీళ్ల కోసమే మంచం దిగుతోందమ్మా, ఆ ఒక్క పనికీ అడ్డు చెప్పకండి, తప్పులు దిద్దకండి అని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. ఈ మొక్క ఉన్నంతవరకే నా చెల్లి ఉంటుందని నా భయం. రాసేశాను, పోనీ.

కుండీ కావాలి.

జనవరి 8

నవ్వొస్తోంది. కుండీలు ఎంచడమే నా ఉద్యోగం. అమ్మకానికి పెట్టిన ఫ్లాట్లను ముస్తాబు చేసే కంపెనీలో బాల్కనీల పని నాది. గుడ్డలారేసుకోవడానికి కూడా చాలని బాల్కనీని ఫోటోలో తోటలా చూపించి జీతం తీసుకుంటాను. ఇంట్లో ఒక్క మొక్కకు కుండీ తేల్చుకోలేక జుట్టు పీక్కుంటున్నాను.

మా బాల్కనీలో వాషింగ్ మెషీన్ పోగా మిగిలింది ఒక మనిషి నిలబడే చోటు. పడమటి ఎండ. మట్టి కుండీ మంచిదే, వేళ్లకు గాలాడుతుంది, కానీ ఆ ఎండకు సాయంత్రానికల్లా ఎండిపోతుంది. తడిమట్టితో కలిపి దాన్ని జరపడం నా వల్ల కాదు. సిమెంటు కుండీ ఊసే వద్దు, బాల్కనీల మీద అంత బరువు పెట్టనివ్వరు. ప్లాస్టిక్ తేలికే గానీ ఎండకు పెళుసెక్కి ముట్టుకుంటే విరుగుతుంది. మొక్కలు పెంచే గుడ్డ సంచీ, గ్రో బ్యాగ్ అంటారు, చవక, వేళ్లకు హాయి, చూడ్డానికి మాత్రం ఎవరో మూట మర్చిపోయి వెళ్లినట్టుంటుంది. పెద్దది కొంటే మొక్క పెద్దదవుతుందనుకోకండి, పాత దానికన్నా రెండు మూడు అంగుళాలు వెడల్పుంటే చాలు. ఇదంతా క్లయింట్లకు గుక్క తిప్పుకోకుండా చెప్తాను.

జనవరి 11

బతిమాలి, బామాలి చెల్లిని మా గోడౌన్‌కి తీసుకెళ్లాను. నువ్వే చూసి చెప్పు, నాకు తోచట్లేదు అన్నాను. ర్యాకుల మధ్య నడిచింది, ఎవరిదో ఇల్లు చూడ్డానికి వచ్చినట్టు. ఒకచోట ఆగింది. మెరిసే నీలం రంగు పింగాణీ కుండీ. దాని మీద అరచెయ్యి ఆనించి, ఇది అంది.

ఇది అంది. మాట. నేను అటు తిరిగి ర్యాకులో కుండీలు సర్దుతున్నట్టు నటిస్తూ ఏడ్చాను.

తిరగేసి చూశాను. అడుగున చిల్లు ఉంది, వేలు దూరేంత. తెచ్చేశాం.

జనవరి 12

మొక్కను మార్చాం. తను పట్టుకుంది, నేను మట్టి పోశాను. మెల్లగా అక్కా, అంది.

జనవరి 19

కొత్త ఆకు. లేత ఆకుపచ్చ. నాకు చూపించడానికి బాత్రూం తలుపు కొట్టి మరీ పిలిచింది.

జనవరి 23

కింది ఫ్లాట్ ఆవిడ పైకొచ్చింది. మా కుండీ నీళ్లు అడుగున పెట్టిన ప్లేటు నిండి పొర్లి, ఆవిడ ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద పడ్డాయి. ఒంటికాలి మీద లేచింది. మీకు తోటలు పెంచుకోవాలని సరదా ఉంటే మా నెత్తిన బురద పొయ్యాలా అని అడిగింది. తప్పయిపోయిందండీ అన్నాను. అసోసియేషన్ సెక్రటరీకి కూడా చెప్పింది. ఇంకొక్క కంప్లయింట్ వస్తే బాల్కనీలో కుండీ అన్నది ఉంచడానికి వీల్లేదు అన్నాడాయన.

లోతైన ప్లేటు తెచ్చి చూశాను. మెషీన్‌కీ గ్రిల్లుకీ మధ్య పట్టలేదు. లోపల పెడదామంటే ఎండ రాదు, ఎండ లేకుండా నిమ్మ బతకదు. తల ప్రాణం తోకకొచ్చింది. గొడవంతా చెల్లి గది తలుపు వెనక నుంచి వింది. భోజనానికి రాలేదు.

జనవరి 24

చిల్లు మూసేశాను.

పొద్దున తను స్నానానికి వెళ్లినప్పుడు కుండీ పక్కకు వంచి, అడుగున పుట్టీ మెత్తాను. షో ఫ్లాట్లలో ఎప్పుడూ చేసే పనే. నీటి మరక పడితే ఫ్లోరింగ్ పాడవుతుందని కుండీలన్నింటికీ మూసేస్తాం. మా లైన్‌లో మొక్క ఫోటో దిగేదాకా బతికితే చాలు. వారం వారం నర్సరీ వ్యాన్ వచ్చి పాతవి పట్టుకెళ్లి కొత్తవి దింపుతుంది. పట్టుకెళ్లినవి ఏమవుతాయో నేనెప్పుడూ అడగలేదు.

మొక్కకు ప్రమాదమని నాకు తెలుసు. రోజూ సాయంత్రం నేనే వంచి, మిగులు నీళ్లు పారబోస్తాను. చెల్లికి చెప్పలేదు. నీళ్లు తగ్గించవే అని ఏ నోటితో చెప్పను, దానికున్నది ఆ ఒక్క మగ్గే.

జనవరి 28

వంచాను. కాసిన్ని నీళ్లు వచ్చాయి.

చెల్లి ఇవాళ టీ పెట్టింది. చక్కెర వేయడం మర్చిపోయింది. రెండు కప్పులు తాగాను.

ఫిబ్రవరి 3

కొత్త టవర్ ఒప్పుకున్నారు మా ఆఫీసు వాళ్లు. అన్నీ బాల్కనీలే. వచ్చేసరికి ఒళ్లు హూనం. కుండీ రేపు వంచాలి.

ఫిబ్రవరి 5

రేపు తప్పకుండా.

ఫిబ్రవరి 6

బయటి ఊరి సైట్‌కి పంపుతున్నారు. కాదంటే ఇంకొకరికి ఇస్తామన్నారు. పక్క ఫ్లాట్ టీచర్ గారిని చెల్లిని కనిపెట్టుకుని ఉండమన్నాను. బ్యాగ్ సర్దే హడావిడిలో కుండీ సంగతి గుర్తే లేదు. రైలెక్కాక గుర్తొచ్చింది. టీచర్ గారికి ఫోన్ చేసి వంచమందామనుకున్నాను. ఆవిడకి నడుంనొప్పి. రెండు మూడు రోజులకి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఫిబ్రవరి 12, ఉదయం

రెండు మూడు రోజులనుకున్న పని ఆరు రోజులు పట్టింది, ఇవాళ పొద్దున్నే దిగాను. మొక్క ఆకులు పసుపురంగుకి తిరిగి వేలాడిపోతున్నాయి. సగం రాలాయి. రాలినవన్నీ చెల్లి ఏరి ప్లేటులో పెట్టుకుంది.

చెల్లి నాకు ఎదురొచ్చి చెప్పింది. దాహమేస్తోందేమో అక్కా, వాడిపోతోంది, అందుకే నిన్నటి నుంచి రెండు మగ్గులు పోస్తున్నాను అంది. ఇన్ని నెలల్లో అది నాతో మాట్లాడిన పెద్ద మాట ఇదే.

కుండీ అడుగున తడిమి చూశాను, పుట్టీ అలాగే ఉంది.

అదే రోజు, మధ్యాహ్నం 3

పుట్టీ పీకగానే నల్లటి నీళ్లు బుడబుడా వచ్చాయి. కంపు. మొక్కను పైకి తీస్తే మట్టి బురదలా జారింది. వేళ్లు నల్లబడ్డాయి, వేలితో పట్టుకుంటే పైతోలు ఊడి చేతికొచ్చింది.

చెల్లి పక్కనే కూర్చుని చూస్తోంది. చెప్పేశాను. చిల్లు నేనే మూశాను, కింది ఆవిడ గొడవకి భయపడి మూశాను, రోజూ వంచుతానని మానేశాను అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. వేళ్లవైపే చూస్తూ, పోసింది నేనే కదా అంది.

కుళ్లిన వేళ్లు కత్తిరించి, ఇసుక కలిపి, మట్టి కుండీలోకి మార్చాను. నాలుగు తెల్ల వేళ్లు మిగిలాయి. నిజం చెప్పాలంటే మూడే, నాలుగోది తెల్లగా లేదు.

ఫిబ్రవరి 15

చెల్లి మంచం దిగట్లేదు.

ఫిబ్రవరి 17

గోరుతో కాండం గీరి చూశాను. బతికుంటే లోపల పచ్చగా ఉండాలి. కొనలో లేదు. మధ్యలో లేదు. మట్టి దగ్గరా లేదు.

ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెప్పక్కర్లేకపోయింది. నేను గదిలోకి వెళ్లగానే నా మొహం చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

ఫిబ్రవరి 18

టీచర్ గారు మా సంగతంతా చెప్పారట, కింది ఆవిడ నర్సరీ నుంచి నిమ్మ మొక్క కొని తెచ్చింది. మంచి మట్టి కుండీ, కింద లోతైన ప్లేటు. మాకెవరూ చెప్పలేదండీ, తెలిస్తే దుప్పట్లు ఇంకోచోట ఆరేసుకునేదాన్ని అంది. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు.

చెల్లి మొక్కను చూసింది. బాగుందండీ అంది. లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఫిబ్రవరి 20

నోరు జారాను. పొద్దున కంచం ముట్టలేదని అరిచాను. ఒక్కసారి ఏడువు, నన్ను కొట్టు, ఏదో ఒకటి చెయ్యి, ఇలా బండరాయిలా పడుంటే నేనేమైపోవాలే అన్నాను. మరిది పోయిన రోజు కూడా ఇది ఏడవలేదు. అందరూ ఎంత గుండె నిబ్బరమో అనుకున్నారు.

ఏడుపు రావట్లేదక్కా, అంది. అంతే.

చేతులారా చేశాను. ఎవరినీ అనడానికి లేదు.

ఫిబ్రవరి 22

ఆఫీసు నుంచి వచ్చేసరికి చెల్లి వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది, ఒళ్లో నేను సైట్ల పనికి వాడే డ్రిల్లింగ్ మెషీన్. బకెట్లకు, మగ్గులకు, స్టీలు గ్లాసులకు, గిన్నెలకు, ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలకు, అన్నింటికీ అడుగున చిల్లు పెట్టింది. టీ కప్పులు పగిలిపోయాయి. ఇంట్లో నీళ్లు నిలిచేది ఒక్కటీ లేదు.

దాహమేస్తోందక్కా, అంది. కుళాయి తిప్పి దోసిలి పట్టాను. వేళ్ల సందుల్లోంచి కారిపోగా మిగిలినవి తాగింది.