కుట్టు కింద గడ్డ

అప్పా,

నువ్వు కామెర్లతో పోయి ఇవాళ్టికి మూడేళ్లు. నీ మొగుడే, మా బావ, ఆబ్దికం పెట్టాడు. ఆయన సంగతి తర్వాత చెప్తాను, ముందు నిన్న మా లేబ్‌లో జరిగింది విను.

జుగ్సలాయి నుంచి ఒకావిడ వచ్చింది. పొట్ట కోసి బిడ్డని తీసిన కుట్టు కింద గడ్డ, అచ్చం నీకున్నట్టే. బహిష్టు రోజుల్లోనే అది పొంగి నొప్పెడుతుందా అని డాక్టరమ్మ ఒక్క మాట అడిగింది. ఆవిడ అవునంది. సన్న సూదితో గడ్డలోంచి కాస్త లాగి ఇస్తే, గాజు పలక మీద పూసి రంగు వేసింది నేనే. గర్భసంచి లోపలి పొర కణాలు కుట్టులో చిక్కుకుని నెలనెలా అక్కడే నెత్తురోడుతున్నాయట. ఎండోమెట్రియోసిస్ అంటారు. గడ్డ కోసి తీసేస్తే నొప్పి పోతుందంది డాక్టరమ్మ.

నువ్వేమో గోడవైపు తిరిగి ముడుచుకు పడుకునేదానివి. బయటున్న మూడు రోజులూ ఎలాగూ వంట తప్పేది కదా, నాలుగో రోజు కూడా ఎగ్గొట్టడానికే ఆ ఏడుపని బావ తేల్చేశాడు.

ఇవాళ భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. ఆయన అరటికాయ కూర మళ్లీ వేయించుకుని, "అప్పుడీ సూదులెక్కడున్నాయే, మనకేటి తెల్సు" అన్నాడు.

సూది లేదనే అనుకుందాం, సరే. డాక్టరమ్మ అడిగిన ఆ ఒక్క మాటకి జవాబు మాత్రం ఆ మహానుభావుడికి కంఠతా వచ్చు. "కేలండర్ సూసుకుని నెలనెలా నాటకమాడతాది" అని మీరుండే సోనారిలో ఇంటింటికీ చెప్పి నవ్వించింది ఆయనే.