పద్నాలుగో మగ్గం పనికిరానిదట

కార్మిక శాఖ విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూతపడిన మిల్లులో దొంగతనంగా జొరబడి మగ్గం నడిపినందుకు మూడు రోజుల్లో క్షమాపణ రాసివ్వాలని తమరు పంపిన నోటీసుకు జవాబు, దానితోపాటు నా ఫిర్యాదు.

మరమగ్గాల షెడ్డులో ఇరవై రెండేళ్ళు నేత పని చేసి, నాలుగు నెలల క్రితం నూట ఎనభై మందితోపాటు వీధిన పడిన నేను మనవి చేసుకొనునది:

1. మగ్గాలన్నీ అరిగిపోయి పనికిరాకుండా పోయినవనియు, మిల్లు మూయక తప్పదనియు తనిఖీకి వచ్చిన ఇంజనీరుగారు నివేదిక ఇచ్చియున్నారు. తమరు దానిని నమ్మియున్నారు. ఆయన షెడ్డులో అడుగు పెట్టలేదు. గేటు కాపలా తాతను అడిగాను. "ఆఫీసులో కూర్చుని టీ తాగి వెళ్ళాడమ్మా. షెడ్డు తాళంచెవి నా దగ్గరే ఉంది. అడిగితేగా ఇవ్వడానికి," అన్నాడు.

2. నేను జొరబడలేదు. సొంత వస్తువులు తీసుకుపోవడానికి బుధవారం ఉదయం రమ్మని మిల్లువారే గేటుకు కాగితం అంటించిరి. నేనూ, ఆ షెడ్డులోనే మెకానిక్‌గా చేసిన మా ఆడపడుచు భర్తా కలిసి వెళ్ళితిమి. నా పద్నాలుగో నంబరు మగ్గం మీద పడుగు అట్లాగే ఉంది, సగంలో ఆపిన గుడ్డతో సహా. పసిబిడ్డకు సగం నీళ్ళు పోసి వదిలేసినట్టు అనిపించింది.

"ఏం అన్నయ్యా, ఇది చచ్చిందంటావా?" అన్నాను.

"ఇన్నేళ్ళు నూనె పోసిన చేతులివి. చావనిస్తానా చెల్లెమ్మా," అని స్విచ్చి వేశాడు.

తెగిన పోగులు ముడివేసి మీట లాగాను. మొదటిసారికే ఆడింది. రెండు మీటర్లు నేసి కోశాను.

3. మగ్గం మోత విని వచ్చిన సూపర్‌వైజరుగారు అరిచినా ఆపలేదన్న ఆరోపణ నిజం. ఆ మోతలో ఆయన కేక నాకు వినపడలేదు. కాని మగ్గాల మధ్య బతికినవాళ్ళం, మాటలు పెదవుల మీద చదువుకుంటాం. "ఆపు" అన్నది స్పష్టంగా చదివాను. ఆపలేదు.

4. క్షమాపణ రాయనిచో తిరిగి పనిలోకి తీసుకొను జాబితాలో నా పేరు కొట్టివేతుమని సెలవిచ్చితిరి. మిల్లే తెరవనప్పుడు జాబితా ఎందుకో నాకు బోధపడలేదు. "కాగితమేగా, రాసిచ్చెయ్యవే," అని రెండు రోజులు నన్ను పోరిన మా అత్తగారు, ఆ గుడ్డ చేత్తో తడిమి చూసి, "ఇంత సాఫుగా నేసి తప్పయిపోయిందని ఎట్లా రాస్తావు?" అన్నది. మా ఇంట్లో ఆ మాటకు తిరుగు లేదు.

కావున సదరు గుడ్డను దీనికి జతపరచితిని. వెలుతురుకు పట్టి చూడగోరెదను. ఒక్క పోగు తప్పినా మిల్లు మూసియే ఉంచుడు. తప్పనిచో ఇంజనీరుగారిని వెంటబెట్టుకుని తమరే షెడ్డుకు రావలెను. ఇందులో క్షమాపణ లేదు. ఉన్న యావత్తూ తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
నేత కార్మికురాలు

తా.క.: సోమవారం ఎనిమిది గంటల షిఫ్టుకు మేమందరం గేటు దగ్గర ఉంటాం. తమరు వచ్చేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని రండి. మగ్గాలన్నీ కలిసి ఆడితే అలవాటు లేనివాళ్ళు తట్టుకోలేరు.