తేనెటీగలకు చెప్పిన చావు

1816 జూన్ 11, డెవన్

ఇవాళ కూడా ఎండ లేదు. మిట్టమధ్యాహ్నం కొవ్వొత్తి పెట్టుకుని ఆంబ్రోస్ అన్నయ్య పద్యాన్ని సాఫుగా తిరగరాస్తున్నాను. అందులో సూర్యుణ్ణి ముసలివాణ్ణి చేసి చంపేశాడు. తర్వాత సముద్రం. తర్వాత మనుషులు, వరసగా అందరూ. ఒక్కరినైనా మిగల్చరాదా అన్నాను. మిగిలి ఎవరి కోసం బతకాలే పిచ్చిదానా అన్నాడు. ఒళ్లు మండింది. ఎదురుగా కూర్చుని రాస్తున్న నేను మనిషిని కానా?

జూన్ 14

నా మాటే నెగ్గింది. చివర్లో ఒక చెల్లెలిని మిగిల్చాడు. లోకం పోయిందని ఆమె వెళ్లి తేనెటీగలకు చెబుతుందట. ఇంట్లో ఎవరు పోయినా తాళంచెవితో పెరట్లోని తేనెగూడు తట్టి ఆ పేరు చెప్పాలి కదా, లేకపోతే అవీ చస్తాయి. నాన్న పోయినప్పుడు మా ముసలి పనిమనిషి డోర్కస్ వెళ్లి వాటికి చెప్పింది.

జూన్ 17

అన్నయ్య ఎంత పని చేశాడు. చావు కబురు వింటే ఈగలు ఎలా రొద చేస్తాయో పద్యంలోకి కావాలట. గూడు తట్టి, యజమాని ఆంబ్రోస్ పోయాడు అని తన పేరే చెప్పి వచ్చాడు. రొద ఠక్కున ఆగిపోయిందట. డోర్కస్ పాల జగ్గు జారవిడిచింది. బతికున్నోడి పేరు చెప్తారా బాబూ, విన్నాక అవి ఊరుకోవు, ఎవరో ఒకరు పోవాల్సిందే అని లబోదిబోమంది. మేమిద్దరం పడీపడీ నవ్వాం.

జూన్ 18

ఒక్క ఈగా బయటికి రాలేదు. వాన వల్లేనేమో.

జూన్ 22

అన్నయ్య మంచం దిగడం లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. డాక్టర్ నాడి చూసి, ఈయనకు బతకాలని లేదమ్మా, దానికి నా దగ్గర మందు లేదు అని వెళ్లిపోయాడు. సూప్ తీసుకెళితే గోడవైపు తిరిగాడు. పద్యం అయిపోయింది, ఇంకేం పని అంటాడు. చూస్తే, అందులోని చెల్లెలిని కొట్టేశాడు. నా కోసం తిను అన్నయ్యా అని కాళ్లు పట్టుకున్నాను. ఎవరో తెలియనట్టు చూశాడు.

వంటింట్లో డోర్కస్‌ని నిలదీశాను. చెప్పిన చావు చెప్పిందే, పేరు మార్చి చెప్పొచ్చు గానీ, తన పేరు ఎవరు చెప్తారమ్మా అంది.

జూన్ 23, పొద్దున ఏడు గంటలు

వెళ్లాను. గూడు తట్టాను. మీరు తప్పు విన్నారు, పోయింది ఆంబ్రోస్ కాదు, హెస్టర్ అని నా పేరే చెప్పాను. లోపల రొద మొదలైంది. ఒక ఈగ వచ్చి నా మణికట్టు మీద వాలింది. కుట్టలేదు. భయమేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

జూన్ 24

ఎండ వచ్చింది. అన్నయ్య తనంతట తానే కిందికి దిగి ఆకలన్నాడు. సంతోషం పట్టలేక గట్టిగా ఏడ్చేశాను. ఎవరూ నావైపు తల తిప్పలేదు. డోర్కస్ ఒక్క కంచమే పెట్టింది. అన్నయ్య కడుపునిండా తిన్నాడు.