సముద్రం మీద పెట్టిన నెపం

కొత్తవాడ, వరంగల్
10 జూలై 1985

మా జానీ భాయికి,

చెల్లెలు సుల్తానా సలాములు. నువ్వూ, భాభీ, వాళ్లమ్మ పెద్దమ్మా, వాళ్ల చిన్నమ్మ కొడుకు వలీ అందరూ క్షేమంగా బొంబాయి చేరి ముసాఫిర్‌ఖానాలో దిగి ఉంటారని తలుస్తాను. నీకు తెలుగు చదవడం రాదు, నాకు ఉర్దూ రాయడం రాదు. నిజాం జమానాలో నువ్వు చదివిన బడి వేరు, తర్వాత నేను చదివిన బడి వేరు. అందుకని ఈ ఉత్తరం మీతోనే హజ్‌కు వస్తున్న మహబూబలీ మాస్టారు చదివి వినిపిస్తారని రాస్తున్నాను. మాస్టారూ, మీకూ సలాం.

భాయీ, మీరు పోయిన దగ్గర్నుంచీ నువ్వు నా దగ్గర వదిలిపోయిన రేడియో కట్టేయలేదు. బొంబాయిలో వానలే వానలట. నైరుతి గాలి బలంగా ఉందట, అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉందట, చేపల పడవలు పోవద్దన్నారట. అదే గాలి ఇక్కడికి వచ్చేసరికి ఉత్త గాలి. చినుకు లేదు. తలుపులు కొట్టుకుంటున్నాయి, మగ్గం మీద దుమ్ము పడుతోంది, అంతే. వార్తల్లో సముద్రం పేరు వస్తే చాలు, పోగు అక్కడే ఆపి చెవి అటు పెడుతున్నాను. పుట్టి బుద్ధెరిగి చెరువు తప్ప పెద్ద నీళ్లు చూడనిదాన్ని, ఇప్పుడు మీ ఓడ దారిలోని ఏడెన్ దాకా గాలి ఎటు తిరిగిందో నాకే కావాలి.

హజ్‌కు పోయేవాళ్ల జాబితాలోంచి నా పేరు కొట్టేశారని నువ్వు చెప్పిన రోజు ఏడ్చిన మాట నిజమే. ఊపిరాడని దమ్ము జబ్బున్నవాళ్లను వానాకాలం ఓడ ఎక్కనివ్వరంటే ఎవరేం చేస్తారు? నూలు దుమ్ము మింగీ మింగీ తెచ్చుకున్న దమ్ము, నేను తెచ్చుకున్నదే. పక్కింటి సోమక్క మాత్రం ఊరుకోలేదు. "దర్యా మంచిగ లేదంటే, గా సముద్రం మీ వదినెకు మాత్రం మంచిగుంటదా? జర ఆలోచన చెయ్యే" అంది. మా భాయి మాట మీద నీ మాటేమిటని కసిరాను. పాపం, రెండు రోజులు మాట్లాడలేదు.

నువ్వు ఊరు విడిచేముందు వాడంతా తిరిగి గడప గడపకూ "కహా సునా మాఫ్ చెయ్యిండ్రి" అని అడిగావు. తెలిసీ తెలియక ఏమన్నా, ఏం చేసినా మన్నించమని హజ్‌కు పోయేవాళ్లు అలా అడిగి పోవాలి. మనిషికి చేసిన తప్పు ఆ మనిషి మాఫ్ చేయందే అల్లా కూడా మాఫ్ చేయడని అమ్మ చెప్పేది. నా గడపకు అందరికంటే చివర వచ్చావు. "జర మాఫ్ చెయ్ సుల్తానా" అని కండువాతో కళ్లు ఒత్తుకున్నావు. నేను నవ్వాను. "నాకు నువ్వేం జేసినవని భాయ్? మాఫ్ చేసిన, పో" అన్నాను. నీ కళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది. నన్ను వదిలి పోతున్నావని నీకంత బాధ.

కాజీపేట స్టేషన్లో పెద్దమ్మ కూడా నా చెయ్యి పట్టుకుని రైలు కదిలేదాకా వదల్లేదు. మిమ్మల్ని ఓడ ఎక్కించి ఆమె వలీతో తిరిగొస్తుంది కదా, వచ్చాక ఓడ ఎట్లా ఉందో అన్నీ అడుగుతాను. నమాజుకు పరుచుకోవడానికి నేను నేసిన చిన్న జంపఖానా భాభీ మూటలో పెట్టాను. నేను చూడని సముద్రం అదైనా చూడాలి. గాలి తగ్గాలని రోజూ సాయంత్రం రెండు రకాతుల నమాజు ఎక్కువ చదువుతున్నాను. ఫికర్ పడకండి.

నీ చెల్లెలు,
సుల్తానా

*

కొత్తవాడ
24 జూలై 1985

జానీ మియా గారికి,

సుల్తానా బేగం సలాం. ఇకమీదట మిమ్మల్ని మీరు అనే అంటాను.

వలీ వచ్చాడు. డోర్నకల్ పోయి డ్యూటీలో చేరేముందు మీ క్షేమం చెప్పిపోదామని వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. చాయ్ పెట్టి "పెద్దమ్మ ఏదిరా?" అన్నాను. వాడు నా మొహం చూసి నవ్వాడు.

"పెద్దమ్మ ఓడ ఎక్కింది గదక్కా. నీ జాగల పోయింది గద."

"నా పేరు కొట్టేసిన్రు. దర్యా మంచిగ లేదని."

"దర్యా ముచ్చటేంది? మామిడికాయలు కోసేటప్పుడే భాయి హైదరాబాద్ పోయి కాయిదాలు మార్పిచ్చిండు. నేనే గద ఎంబడి పోయిన. నువ్వే ఇచ్చినవన్నడు. నీకెర్కలేదా?"

వాడి చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఇంకా మాట్లాడితే నాకు దమ్ము లేస్తుందని భయపడి వాడు గబగబా పోయాడు.

మామిడికాయలు కోసేటప్పుడు! అప్పటికి మృగశిర కార్తె రాలేదు, ఆకాశంలో మబ్బు లేదు, నైరుతి గాలి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఎండాకాలంలో అరేబియా సముద్రం కదలకుండా పడి ఉంటుందని ఇదే మహబూబలీ మాస్టారు మా అందరికీ చెప్పారు. సముద్రం పడుకుని ఉండగానే మీరు దాని మీద నెపం అల్లి పెట్టుకున్నారు. తర్వాత వానాకాలం వచ్చి, తుఫాను గాలి లేచి, రేడియోలో రోజూ అదే చెబుతుంటే మీకెంత తేలికైందో! అబద్ధం మీరు చెప్పారు, దానికి సాక్ష్యం రేడియో చెప్పింది. ఆ రేడియో నా చేతికే ఇచ్చి పోయారు.

నాకు ఒళ్లు మండేది ఒక్కదానికి. అడిగితే ఇచ్చేదాన్ని. పెద్దమ్మ ముసలిది, ఇంకెప్పుడు పోతుంది, నిన్ను తర్వాత నేనే తీసుకుపోతా అని ఒక్క మాట అంటే నేను ఏడ్చేదాన్ని, మొత్తుకునేదాన్ని, తెల్లారేసరికి ఇచ్చేదాన్ని. మీకు తెలుసు ఆ సంగతి. అమ్మ పోయాక నాకు తల దువ్వి జడలేసింది మీరే. మా ఆయన పోయి నేను మగ్గం దగ్గర కూర్చున్న రోజు మొదటి పోగు మీ చేత్తోనే పట్టి ఇచ్చారు. వయసొచ్చిన కొడుకు లేడు, తమ్ముడు లేడు, మగతోడు లేకుండా ఆడది హజ్‌కు పోరాదు. మీరొక్కరే నాకు దారి. ఆ దారిలో మీరే గుంత తవ్వారు. మీ సముద్రం కోసం నేను నమాజులు చదివాను భాయీ, ఉపవాసాలున్నాను. సోమక్కతో తగువు పెట్టుకున్నాను.

గడప దగ్గర మీరు అడిగింది ఇప్పుడర్థమైంది. ఏం చేశారో చెప్పకుండా మాఫీ అడిగారు, నేను ఏమీ తెలియక ఇచ్చాను. మిగతా గడపల దగ్గర మీది ఆనవాయితీ. నా గడప దగ్గర అది దొంగతనం.

ఈ ఉత్తరం మీరు చదవలేరని తెలుసు. మక్కాలో మన జిల్లా హాజీలంతా ఒకే గదిలో దిగుతారని, ఎవరికి ఉత్తరం వచ్చినా అందరూ చుట్టూ చేరి వింటారని కూడా తెలుసు. తెలిసే రాస్తున్నాను. మాస్టారూ, మీకు దండం పెడతాను, ఒక్క మాట కూడా మింగకుండా గట్టిగా చదవండి. కొత్తవాడవాళ్లు, వర్ధన్నపేటవాళ్లు అందరూ వినాలి.

సుల్తానా బేగం

*

మక్కా
13 ఆగస్టు 1985

అమ్మా సుల్తానా, అస్సలాము అలైకుమ్. జానీ మియా అత్తగారు ఫాతిమా బేగం చెబుతుంటే చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఒక్క మాట మార్చినా ఊరుకోనన్నారు. — మహబూబలీ

బిడ్డా సుల్తానా,

నీ ఉత్తరం వచ్చిన్నాడు మేమందరం ఒక్క అర్రలనే కూసున్నం. మాస్టర్ సలాం దాక సదివి ఆగిండు. జానీ "చాలు తియ్యిండ్రి" అన్నడు. నేనే "సదువు సార్, ఊరి ముచ్చట్లు ఇననియ్యిండ్రి" అన్న. మా ఊర్ల వాన పడ్డదేమో, నీ దమ్ము తగ్గిందేమో అని అనుకున్న. ఆఖరు దాక ఇన్న.

నాకేం జెప్పిండో ఎర్కేనా? సుల్తానకు దర్యా అంటే భయం, నా జాగ పెద్దమ్మకియ్యి అన్నదని చెప్పిండు. "ఆమె ముంగట ఈ ముచ్చట తియ్యకు, ఏడుస్తది, దమ్ము లేస్తది" అన్నడు. అందుకే స్టేషన్ల నీ చెయ్యి పట్టుకున్న గని నోరు తెరువలే. ఓడల అందరికి చెప్పిన, కొత్తవాడల ఒక బిడ్డ ఉన్నది, నాకు తన జాగ ఇచ్చిందని. వాళ్లందరు నీకు దువా చేసిన్రు. గా మనుషులే ఇయ్యాల నీ ఉత్తరం ఇన్నరు.

బిడ్డా, నేను గూడ ఒక తప్పు జేసిన. బొంబాయి ఇడ్సినంక దర్యా లేసింది. నీళ్లు ఓడ కంటె ఎత్తు లేసుడు, మల్ల ధన్ మని పడుడు. కిటికిల ఒకపారి ఆకాశమే, ఒకపారి నీళ్లే. కడుపుల చెంచెడు నీళ్లు నిలువలే. నీ జంపఖానా మీదనే పడి ఉన్న, ఉప్పు నీళ్లు లోపలికొచ్చి అది మొత్తం నానింది. రంగు మాత్రం పోలే. ఇగ సస్తనే అనుకున్నప్పుడు నిన్ను తిట్టిన. "ఎర్క ఉండే నన్ను ఎక్కిచ్చింది జాణ, ఇంట్ల సల్లగ పండుకున్నది, దాని మగ్గం ఇరగ" అన్న. పక్కకున్నోళ్లు సుత ఇన్నరు. ఏడెన్ దాటినంక గాలి పడ్డది. ఎర్ర దర్యాల నీళ్లు కదులలే, ఉడకపోతతోని పానం పోయింది గని వాంతులు ఆగినయ్. అప్పుడు సిగ్గయింది. నిన్ను తిట్టిన నోటితోని దువా అడిగిన.

గా తిట్టుకు నన్ను మాఫ్ చెయ్యాలె. కహా సునా అని గాదు. "దాని మగ్గం ఇరగ" అన్నందుకు. పేరు వెట్టి అడుగుతాన.

జానీ ఆ దినం లేసి బైటికి పోయిండు, చీకటి పడ్డంక వచ్చిండు. ఎవ్వలు ఆయనతోని మాట్లాడుతలేరు. నా బిడ్డ ఏడుస్తాంది, నా తల్లి కోసమే జేసిండు అనుకుంట. నేను అడిగిన, ఎందుకు జేసినవ్ రా అని. "అడుగుతె ఇస్తదని ఎర్కే అమ్మీ. ఇచ్చినంక జిందగీ అంత దాని మొకం ఎట్ల సూడాలె? అందుకే దర్యా మీద పెట్టిన" అన్నడు. గదీ ఆయన ముచ్చట.

నీ జవాబు వచ్చేటాలకు హజ్‌ల పెద్ద దినం, అరఫాత్ దినం, దాటిపోతది. నీ మాఫీ లేకుండనే పోతాన. వాపస్ ఇద్దామంటే ఈ జాగ నా చేతుల లేదు. అక్కడ నీ పేరు తీసి దువా చేస్త. మంచిదనిపిస్తె జవాబు రాయి.

ఫాతిమా బేగం

*

కొత్తవాడ
5 సెప్టెంబర్ 1985

పెద్దమ్మకు,

సుల్తానా సలాములు. నా మగ్గం విరగలేదు. మొన్న ఒక పలక మాత్రం పగిలింది, అది నీ తిట్టు వల్లేనని సోమక్క అంటోంది, బాగు చేయించాను. ఉత్తరం చదివి ఆమె పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత ఇద్దరం ఏడ్చాం. అంత సముద్రంలో పడి ఉంటే నేనైనా తిట్టేదాన్నే. నువ్వు పేరు పెట్టి అడిగావు, నేను పేరు పెట్టే ఇస్తున్నాను. నా మగ్గం విరగాలన్నందుకు నిన్ను మాఫ్ చేశాను. జాగ కోసం మాత్రం నువ్వు అడగనక్కర్లేదు, అది నువ్వు తీసుకున్నది కాదు.

నాదీ ఒక తప్పుంది. గది నిండా మనుషుల ముందు భాయి తలదించుకోవాలని ఆ ఉత్తరం రాశాను. నువ్వు కూడా అక్కడే కూర్చుని ఉంటావని, నీకు ఏమీ తెలియదని నాకు తోచనే లేదు. అందరితో పాటు నువ్వూ నన్ను మోసం చేశావనే అనుకున్నాను. కోపంలో మనిషికి ఒక్క మొహమే కనిపిస్తుంది. నన్నూ మాఫ్ చెయ్యి పెద్దమ్మా.

ఇక్కడ రెండు వానలు పడ్డాయి. నైరుతి గాలి తగ్గుముఖం పట్టిందట. మీరు తిరిగి ఓడ ఎక్కేసరికి దారంతా నెమ్మదిగా ఉంటుంది, భయపడకు. ఆ జంపఖానా ఉతక్కుండా తీసుకురా. ఉప్పు వాసన ఎట్లా ఉంటుందో చూడాలి.

మాస్టారూ, ఇక్కడిదాకా గట్టిగా చదవండి. కిందిది మా భాయికి. ఈసారి గదిలో ఎవరికీ వినిపించకుండా ఆయన్ను పక్కకు పిలిచి చెవిలో చెప్పండి.

భాయీ, పెద్దమ్మ రాసింది చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. అడిగితే ఇస్తానని తెలిసి అడగలేదన్నమాట. నా మొహం చూడలేకపోతావని నన్ను మోసం చేశావు. ఇప్పుడు మాత్రం ఎట్లా చూస్తావు? నువ్వు మోసపు మనిషివైతే ఇంత బాధ లేదు, రేడియో ఎత్తి గోడకు కొట్టి ఊరుకునేదాన్ని. ఇప్పటికీ వార్తల్లో అరేబియా సముద్రం పేరు వస్తే నా చెయ్యి ఆగిపోతోంది. ఆ చెయ్యి మీదే నాకు కోపం.

గడప దగ్గర నేను మాఫ్ చేశానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది చెల్లదు. నేను స్టేషన్‌కు రాను, దండ వెయ్యను. పూలదండలవాళ్లూ, కౌగిలించుకునేవాళ్లూ అందరూ వెళ్లిపోయాక ఒక్కడివే నా గడప దగ్గరకు రా. ఏం చేశావో నీ నోటితో నాకు చెప్పు. చెప్పి, అప్పుడు అడుగు. ఇస్తానో లేదో ఇవాళ నాకు తెలియదు. అయినా నువ్వు అడగాలి భాయీ. నువ్వు వచ్చే కాలానికి సముద్రం ఏమీ అనదు. దాని మీద పెట్టడానికి నీకు ఏ నెపమూ ఉండదు.

తలుపు తీసే ఉంచుతాను.

నీ చెల్లెలు,
సుల్తానా